ఆయుధపూజ నాడు దించిన పెట్టె

ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసే మనిషిని నేను. రిటైరైతే ఈ జబ్బు తగ్గుతుందని మా ఆయన ఆశపడ్డారు. తగ్గకపోగా ముదిరింది. గ్యాసు బండ, గేటు గొళ్ళెం, ఫోను పాస్‌వర్డు, అన్నీ రెండేసి సార్లు చూస్తాను. పడుకునే ముందు ఇంకోసారి చూస్తాను. మా కోడలు చాటుగా నవ్వుకుంటుందని నాకు తెలుసు. నవ్వుకోనీ.

మొన్న చిత్తూరు పక్కన ఒక ఇంజినీరింగు కాలేజీ వాళ్ళు పిలిచి, నెట్‌వర్కు భద్రత గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. ఎవరికి ఎంత అవసరమో అంతే తలుపు తెరవండి, చేసిన ప్రతి మార్పూ రాసిపెట్టండి, ముఖ్యమైన ఫైళ్ళ నకలు తీసి వైరు ఊడదీసి దాచండి, ఇట్లాంటివి. చివర్లో ఒకమ్మాయి లేచి, మీ సర్వీసులో మీరు ఆపిన అన్నిటికన్నా పెద్ద దాడి ఏది మేడమ్ అని అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. బస్సెక్కి కూర్చున్నాక సిగ్గేసింది. ఆపినవి నాకు గుర్తు లేవమ్మా. ఆపితే ఏమీ జరగదు, జరగనిదాన్ని ఏమని గుర్తు పెట్టుకుంటాం? నాకు గుర్తున్నది లోపలికి రానిచ్చిన ఒక్కటే. ఆ రోజు నీకు చెప్పాల్సింది అది. ఇప్పుడు రాస్తున్నాను.

తిరుపతికీ చిత్తూరుకీ మధ్య ఒక ఆసుపత్రిలో నేను పనిచేశాను. పేరు చెప్పను, మీరూ ఊహించొద్దు. టైపు చేసే ఉద్యోగంలో చేరాను. కంప్యూటర్లు ఒకటి రెండయ్యి, రెండు ఇరవై అయ్యి, వాటిని కలిపే తీగలు పెరిగి, ఆ తీగల గురించి అడిగితే చెప్పగలిగేది నేనొక్కదాన్నే కావడంతో నెట్‌వర్కు బాధ్యత నా నెత్తిన పడింది. చదివింది బీఎస్సీ లెక్కలు. మిగిలిందంతా బల్లల కింద దూరి నేర్చుకున్నదే.

భద్రత అనే మాట నాకు పుస్తకాల్లో కనిపించకముందే మా అవ్వ దగ్గర కనిపించింది. మా నాయన కొండమీద గుళ్ళో కైంకర్యం చేసేవారు. ఇంట్లో అవ్వది మడి రాజ్యం. తడిబట్ట కట్టుకుని ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఎవరు ఎక్కడిదాకా రావాలో, ఏది ముట్టుకోవచ్చో, ఏది కూడదో గీత గీసినట్టు ఉండేది. ఆ పద్ధతిలో మనుషులకి జరిగిన అన్యాయం చాలా ఉంది, నేను దాన్ని వెనకేసుకురాను. కానీ యంత్రాలకి అది చక్కగా పనికొస్తుంది. ఆసుపత్రిలో నేను చేసింది అదే. బిల్లింగు కంప్యూటర్లు ఒక గదిలాగా, వార్డులవి ఒక గదిలాగా, రేడియేషను విభాగానివి లోపలి వంటిల్లులాగా విడదీశాను. వీటన్నిటికీ, బయటి ఇంటర్నెట్టుకీ మధ్య ఫైర్‌వాల్ అనే ఒక నల్లటి పెట్టె ఉండేది. లోపలికి రాబోయే ప్రతిదాన్నీ ఆపి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడగడం దాని పని.

రేడియేషన్ని మా వైపు ఎవరూ రేడియేషను అనరు. కరెంటు పెట్టడం అంటారు. క్యాన్సరు గడ్డ ఉన్నవాళ్ళకి వారానికి ఐదారు రోజుల చొప్పున ఆరేడు వారాలు కరెంటు పెట్టాలి. ఏ మనిషికి ఏ కోణంలో, ఎంతసేపు, ఎంత లోతుకి అనేది ముందే లెక్కకట్టి కంప్యూటర్లో పెడతారు. ఆ ఫైలు తెరుచుకుంటేనే యంత్రం పనిచేస్తుంది. ఫైలు లేకపోతే యంత్రం ఎంత బాగున్నా ఉత్త ఇనుమే. ఈ సంగతి మాత్రం మనసులో ఉంచుకోండి.

మా ఆసుపత్రిలో ఆయుధపూజ ఘనంగా చేసేవాళ్ళం. అంబులెన్సు చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ మీద కర్పూరం, వంటశాల గరిటెలకి పసుపు కుంకుమలు. ప్రతి సెక్షనూ తన పనిముట్టు తెచ్చి అమ్మవారి పటం ముందు పెట్టాలి. మర్నాడు దశమి పూజ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. మా సెక్షను తరఫున నేను ఏటా ఒక పాడైపోయిన కీబోర్డు పెట్టేదాన్ని. పని ఆగదు, పూజకీ లోటుండదు.

ఈ పూజ ఏర్పాట్లన్నీ చూసేది మా ఎలక్ట్రీషియను. తిరుపతి పాతూరు మనిషి, తాతల నాటి నుంచి ఇత్తడి పని చేసిన ముస్లిం కుటుంబం. ఈయన వైర్లలోకి వచ్చాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, అందరం భాయ్ అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ. గుమ్మడికాయ బేరమాడి తేవడం నుంచి లైట్ల దండలు కట్టడం దాకా ఆయన లేకపోతే పూజే లేదు. ఆ ఏడు నేను కీబోర్డు తీసుకెళ్ళి పెడుతుంటే, తన స్పానర్లకి బొట్లు పెడుతూ తలెత్తి చూశాడు.

"ఏం మేడమ్, మేమంతా పనిజేసే సామాను తెచ్చి పెడితిమి. మీరు చచ్చిన కీబోర్డు పెట్టి అమ్మోరిని మోసం చేస్తా ఉండారే" అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మాట గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఏడాదంతా నర్సులకీ గుమాస్తాలకీ క్లాసులు పెట్టి, ఫైర్‌వాలే మన ఆయుధం అని ఊదరగొట్టింది నేనే. ఆయుధం అన్నావు కదా, మరి ఆయుధపూజకి తేవేం అని ఎవరైనా అడుగుతారేమో అనిపించింది. పైగా ఆ పూట ఆసుపత్రికి సెలవు. ఓపీ లేదు, కరెంటు లేదు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఇరవై ఏళ్ళు ఇతరులు ఆ మాట అంటే మండిపడినదాన్ని, నాకు నేను అనుకున్నప్పుడు మాత్రం ఎంత సహజంగా వినిపించిందో.

సర్వరు గదిలో భాయ్ స్టూలెక్కి పెట్టెని పట్టుకుంటే నేను తీగలు ఊడదీశాను. ఇద్దరం కలిసి పెట్టెని దించి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి ముందు ఉంచాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒక చిక్కు మాత్రం వచ్చింది. సెలవు రోజుల్లో రేడియేషను యంత్రం ఖాళీగా ఉంటుంది కాబట్టి, దాని కంపెనీ వాళ్ళు చెన్నైలో కూర్చుని ఇంటర్నెట్టు ద్వారానే దాన్ని పరీక్షించేవాళ్ళు. ఆ పూట కూడా పరీక్ష ఉంది. పెట్టె లేకపోతే వాళ్ళకి దారి లేదు. అందుకని బయటి లైను వచ్చే రౌటర్ నుంచి, అదే గదిలో ఉన్న రేడియేషను విభాగం లైనులోకి నేరుగా ఒక పసుపుపచ్చ తీగ లాగి, వాళ్ళ కోసం ఒక తలుపు తెరిచాను. మడి వంటింటికి వీధిలోంచి దారి పెట్టానన్నమాట. మార్పుల రిజిస్టరులో రాయలేదు. పూజని కూడా రిజిస్టరులో రాస్తారా ఎవరైనా?

దశమి సెలవు. ఏకాదశి పొద్దున వచ్చి పెట్టెని తిరిగి బిగించాం. ఆకుపచ్చ దీపాలన్నీ వెలిగాయి. సరిగ్గా అప్పుడే పై వార్డులో ప్రింటరు కాగితం నమిలేస్తోందని ఫోను. పరుగెత్తాను. పెట్టె పనిచేస్తోంది, ఇంటర్నెట్టు వస్తోంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పసుపుపచ్చ తీగ మిగతా పసుపుపచ్చ తీగల వెనక అట్లాగే ఉండిపోయింది.

మీరు అడగొచ్చు, మళ్ళీ చూసుకోలేదా అని. రోజూ చూసేదాన్ని. పెట్టె రాసే చిట్టాలన్నీ చదివేదాన్ని, ఎవరెవరు వచ్చారు, ఎవరిని ఆపింది అని. పెట్టెని తప్పించుకుని పక్కదారిన వచ్చినవాళ్ళ సంగతి పెట్టె ఎట్లా రాస్తుంది?

ఆ రోజుల్లోనే బంగారుపాళ్యం నుంచి ఒకావిడ కరెంటుకి వచ్చేది. యాభై దాటి ఉంటాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని. గొంతులో గడ్డ. తొలి బస్సుకి బయల్దేరి, చిత్తూరులో మారి, ఎనిమిదికల్లా మా హాల్లో కూర్చునేది. పక్కన స్టీలు క్యానులో పల్చటి రాగి అంబలి, అదొక్కటే గొంతు దిగేది. నా గది ఆ హాలు పక్కనే కావడంతో వచ్చీపోయేటప్పుడు పలకరించుకునేవాళ్ళం. కరెంటు పెట్టేటప్పుడు కదలకుండా ముఖానికి వలలాంటి ముసుగు బిగిస్తారు. అది తీశాక చాలాసేపటిదాకా ఆవిడ బుగ్గల మీద గళ్ళు గళ్ళుగా అచ్చు ఉండేది. మొత్తం ముప్పై ఐదు సార్లు పెట్టాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆవిడ లెక్క తప్పలేదు. కార్డు మీద నర్సు టిక్కు పెట్టకముందే, ఈ పొద్దుతో ఇన్ని అయినాయి అని చెప్పేసేది. ఫ్యాక్టరీలో సీజనప్పుడు ఎన్ని బుట్టలు ఏరిందీ నోటితోనే చెప్తానని, సూపర్‌వైజరు పుస్తకం తప్పైనా తన లెక్క తప్పదని నాతో గర్వంగా చెప్పింది.

ఆవిడకి ఇరవై నాలుగు అయ్యాక, కార్తీకంలో ఒక సోమవారం, వానపడుతూనే ఉంది, నేను గొడుగు ముడుస్తూ లోపలికి వస్తుంటే రేడియేషను లెక్కలు కట్టే ఫిజిసిస్టు వరండాలోనే ఎదురొచ్చింది. తన కంప్యూటరు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయంది. వెళ్ళి చూశాను. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే మేమడిగినంత పంపండి అని ఇంగ్లీషులో మర్యాదగా రాసి ఉంది. పక్క కంప్యూటర్లోనూ అదే. దాని పక్కదాన్లోనూ అదే. చేతులు నేర్చిన పని చేశాయి. ఆ విభాగంలో కంప్యూటర్లకి ఉన్న తీగలన్నీ పీకేశాను.

మధ్యాహ్నానికి చెన్నై నుంచి ఇట్లాంటివి చూసే నిపుణుడు ఇద్దరు మనుషులతో కారులో దిగాడు. తక్కువ మాట్లాడే మనిషి, తమిళం కలిసిన తెలుగు. వస్తూనే, ఫైళ్ళ నకలు ఉందా అని అడిగాడు. ఉంది. శనివారం సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక తీసి, వైరు ఊడదీసి, ఇనప బీరువాలో పెట్టిన డిస్కు. ఆయన దాన్ని విడిగా పరీక్షించి, ఒక్క ఫైలు కూడా పోలేదన్నాడు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా పెద్ద డాక్టరుగారు, ఆసుపత్రికి కూడా ఆయనే పెద్ద, అందరి ముందూ నా వైపు తిరిగి, ఈవిడ చాదస్తాన్ని మనం ఎన్నాళ్ళో వెక్కిరించాం, ఈ రోజు ఆ చాదస్తమే కాపాడింది అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

మరి ఇంకేం, ఫైళ్ళు తిరిగి ఎక్కించి రేపటి నుంచి కరెంటు పెట్టొచ్చు కదా అని ఫిజిసిస్టు అడిగింది. నిపుణుడు తల అడ్డంగా ఊపాడు. దొంగ ఎటు నుంచి వచ్చాడో తెలియకుండా ఎక్కిస్తే రాత్రికి రాత్రి మళ్ళీ తాళం వేస్తాడు, అప్పుడు ఈ డిస్కు కూడా మిగలదు అన్నాడు. దారి తెలిస్తే దాన్ని మూసి, శుభ్రం చేసి, ఎక్కించి, పరీక్షించడానికి ఒక్క పగలు చాలు. తెలియకపోతే ఆసుపత్రిలో ఉన్న ప్రతి కంప్యూటరూ విప్పి చూడాలి, ఎన్నాళ్ళో చెప్పలేను అన్నాడు. ఫిజిసిస్టు ముఖం మాడిపోయింది. గొంతు కేసులకి మధ్యలో గ్యాపు రాకూడదు, గడ్డకి సెలవులుండవు అంది.

సాయంత్రం అయిదింటికి, వాళ్ళు కాఫీకి వెళ్ళినప్పుడు, నేను ఒక్కదాన్నే సర్వరు గదిలోకి వెళ్ళాను. ఫైర్‌వాల్ చిట్టాలు ఆరు వారాలవీ శుభ్రంగా ఉన్నాయి. మరీ శుభ్రంగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని ర్యాకు వెనక తీగల్ని ఒక్కొక్కటీ వేలితో పట్టుకుని పోయాను. ఏడోదో ఎనిమిదోదో, పెట్టెలోకి పోకుండా పక్కనించి పోయింది.

చూడగానే అంతా తెలిసిపోయింది. స్టూలు మీద భాయ్, పెట్టె మీద కుంకుమ, ప్రింటరు ఫోను, అన్నీ.

అప్పుడు నేను చేసిన పని ఇది. తీగ రెండు చివర్లూ ఊడదీసి, చుట్టచుట్టి, నా చేతిసంచిలో టిఫిను డబ్బా కింద పెట్టుకున్నాను. తీగ తీసేశాను కాబట్టి దారి మూసుకుపోయింది కదా, ఇంక వాళ్ళే వెతుక్కుని, ఏమీ కనిపించక, ఫైళ్ళు ఎక్కిస్తారులే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కాఫీకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. ఏమైనా కనబడిందా మేడమ్ అని నిపుణుడు అడిగాడు. లేదన్నాను.

పదహారు నెలల్లో రిటైర్మెంటు. మూడు గంటల క్రితమే మెప్పు. ఇవేవీ సాకులు కావు, కానీ అబద్ధం చెప్పేటప్పుడు మనసులో ఉన్నవి ఇవే.

మంగళవారం ఎట్లా గడిచిందో చెప్పలేను. కూర్చోలేను, నిలబడలేను. సంచి భుజానికి తగిలించుకునే తిరిగాను, బల్ల మీద పెడితే ఎవరైనా తెరుస్తారేమోనని. నిపుణుడి మనుషులు బిల్లింగులో ఒక్కో కంప్యూటరూ విప్పుతున్నారు. నేను పక్కన నిలబడి స్క్రూడ్రైవరు అందిస్తున్నాను. దొరకనిదాని కోసం వెతుకుతుంటే సాయం చేస్తున్నాను. కౌంటరు గుమాస్తాని పిలిచి, ఏ మెయిలు తెరిచావు, ఏది నొక్కావు అని గంటసేపు ప్రశ్నించారు. పాపం ఆయన తనే చేశానేమోనన్న భయంతో, ఎప్పుడో పెళ్ళి శుభలేఖ ఒకటి తెరిచానని ఒప్పుకున్నాడు. ఆ శుభలేఖ మీద వాళ్ళు సగం రోజు పోగొట్టారు.

హాల్లో బంగారుపాళ్యం ఆవిడ పొద్దున ఎనిమిది నుంచి కూర్చునే ఉంది. సోమవారం వెనక్కి పోయింది, మంగళవారమూ అంతే. యంత్రం రిపేరని నర్సు చెబుతోంది. ఆవిడ నన్ను చూసి లేవబోయింది. నేను వినిపించుకోనట్టు పక్క తలుపులోంచి వెళ్ళిపోయాను. ఆ తలుపు నేను ఎప్పుడూ వాడను.

ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. ఏమైంది అని మా ఆయన అడిగితే విసుక్కున్నాను. పదిసార్లు గేటు చూసొచ్చాను.

బుధవారం పొద్దున ఏడున్నరకే ఆసుపత్రికి వెళ్ళాను. భాయ్ మెట్ల దగ్గర బల్బు మారుస్తున్నాడు. నన్ను చూసి నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, చుట్టూ చూసి దగ్గరికొచ్చాడు.

"మేడమ్, పూజనాడు ఆ పెట్టె దించినాం గదా. అప్పుడు యాదో తీగ నేరుగా లాగినట్టు నాకు గ్యాపకం" అన్నాడు.

నేను సంచిని భుజం మీదికి లాక్కున్నాను.

"ఆ మెడ్రాసాయన నిన్న నన్ను గూడా అడిగినాడు, ఎవరెవరు ఆ గదిలోకి పోతారని. నేనేం చెప్పలా. నేను చెప్తే నామీదికే వస్తాది, లేదంటే మీ మీద చాడీ అయితాది. మీరు చెప్తే పనైతాది." గొంతు తగ్గించి అన్నాడు, "ఆ మాట అన్నోన్ని నేనే. అమ్మోరిని మోసం చేస్తా ఉండారని. నా పేరు గూడా చెప్పండి, ఏం పర్వాలేదు."

ఆయన పేరు చెప్పలేదు. ఒక మనిషి వేళాకోళం ఆడితే పెట్టె దించింది నేను, తీగ లాగింది నేను, దాచింది నేను. నేరుగా పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. నిపుణుడు కూడా అక్కడే ఉన్నాడు. సంచిలోంచి తీగ తీసి బల్ల మీద పెట్టి, పూజ దగ్గర నుంచి మొత్తం చెప్పాను.

నిపుణుడు ముందు తీగ చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కోప్పడలేదు. ఏ తలుపు తెరిచారు, ఏ రోజు, ఏ యంత్రానికి అని నాలుగు ప్రశ్నలు వేసి, గబగబా తన మనుషుల దగ్గరికి బయల్దేరాడు. ఆ హడావుడిలో ఆనందం కూడా ఉంది. తమకి చెప్పకుండా తీగ ఊడదీయడం వల్ల కొన్ని గుర్తులు పోయాయని, లేకపోతే ఇంకా తొందరగా అయ్యేదని, శుక్రవారం పొద్దునకి యంత్రం మొదలవుతుందని గుమ్మం దగ్గర తిరిగి చెప్పాడు.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కేకలు వేస్తారని కాచుకుని ఉన్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"ఇది మీకు ఎప్పుడు దొరికింది?"

"సోమవారం సాయంత్రం, సార్."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పూజ సంగతి తర్వాత మాట్లాడదాం, అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది అన్నారు. సోమవారం సాయంత్రం సంగతి మాత్రం నాకు కాదు, బయట హాల్లో కూర్చున్నవాళ్ళకి చెప్పండి, శుక్రవారం దాకా కరెంటు లేదని కూడా మీరే చెప్పండి అన్నారు.

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, మీరు వాటి కోసం ఎదురుచూడకుండా. శుక్రవారం యంత్రం మొదలైంది. ఒక్క ఫైలూ పోలేదు. డబ్బు అడిగినవాళ్ళకి పైసా ఇవ్వలేదు. నాకు మెమో ఇచ్చారు, ఉద్యోగం ఉంచారు. గుమాస్తా దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నాతో మామూలుగా మాట్లాడ్డానికి నెల పట్టింది. ఆ మరుసటి ఆయుధపూజకి మళ్ళీ కీబోర్డే పెట్టాం, భాయ్ నోరెత్తలేదు. బంగారుపాళ్యం ఆవిడకి పోయిన రోజులకి బదులుగా చివర్లో అదనంగా పెట్టి చికిత్స పూర్తిచేశారు. నేను రిటైరయ్యేదాకా చెకప్పులకి వస్తూ ఉండేది. ఇప్పుడు ఎట్లా ఉందో నాకు తెలియదు. ఆ నాలుగు రోజుల గ్యాపు వల్ల ఏమైనా అయిందా అని ఒకసారి ఫిజిసిస్టుని అడిగాను. కాలేదని చెప్పలేను, అయిందనీ చెప్పలేను అంది. నిజాయితీగల పిల్ల. ఆ జవాబు నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు.

కానీ కాలేజీలో ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇవేవీ కావు. ఆ బుధవారం హాల్లో జరిగింది చెప్పాలి.

పదిహేను మంది దాకా ఉన్నారు. గట్టిగా చెప్పాను, శుక్రవారం దాకా యంత్రం లేదని. గొణుక్కున్నారు. ఇద్దరు ముగ్గురు లేచి చెప్పులు వేసుకున్నారు. మా వైపు జనం ఆసుపత్రి చెప్పినదాన్ని వాన చెప్పినట్టే వింటారు, ఎందుకని అడగరు. అక్కడితో ఆపేసి గదిలోకి వెళ్ళిపోవచ్చు, ఒక్క క్షణం అదే చేయబోయాను. బంగారుపాళ్యం ఆవిడ అంబలి క్యాను పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది, ఒక్కో మాటకీ ఆగి మింగుతోంది.

"యంత్రానికి ఏమైంది మేడమ్?"

చెప్పాను. యంత్రానికి ఏమీ కాలేదన్నాను. నేను ఒక తీగ మరిచిపోతే దొంగలు దాన్ని పట్టుకుని లోపలికొచ్చి మీ లెక్కలకి తాళం వేశారన్నాను. ఆ తీగ నాకు సోమవారం సాయంత్రం దొరికింది, దాని సంగతి తెలిస్తే బాగుచేయడానికి ఒక్క పగలు చాలన్నారు, అయినా భయపడి దాచిపెట్టాను, ఇప్పుడు చెప్పాను అన్నాను. లేచినవాళ్ళు కూడా ఆగి వింటున్నారు.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. క్యాను కింద పెట్టి, వేళ్ళు మడుచుకుంటూ లెక్క చూసుకుంది.

"తీగ తెలిస్తే ఒక పగలు పని, అంతేనా?"

"అంతే."

"అంటే మీరు సోమారమే సెప్పింటే, నాకు ఈ పొద్దు కరెంటు పెట్టింటారు."

"అవును" అన్నాను.

ఆవిడ తల ఊపింది. లెక్క సరిపోయిందన్నట్టు ఊపింది, అంతే. శుక్రవారం ఎన్నింటికి రావాలని అడిగి, క్యాను తీసుకుని, కొంగు గొంతు చుట్టూ కప్పుకుని వానలోకి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. గోడ వారగా కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన, నేనెప్పుడూ పలకరించని మనిషి, తన కార్డు మెల్లగా నా వైపు చాపాడు.

"నాకు గూడా అంతేనామ్మా?" అని అడిగాడు.